దేవుని హెబ్రీ పేర్లు, ఆయన స్వభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటో అద్దం మీద "యెహోవా యీరే", కిరాణా కొట్టు బోర్డు మీద "ఎబెనెజరు", కొత్త సంవత్సరం క్యాలెండరు మీద "యెహోవా షాలోమ్". తెలుగు క్రైస్తవుల ఇళ్లలో, వీధుల్లో ఈ మాటలు కొత్త కాదు. వాటి వెనక ఉన్న సంగతులు మాత్రం చాలామందికి సగమే తెలుసు. ఈ పేర్లన్నీ ఎవరో ఒకరి కష్టంలోంచి, ఒక ఫలానా చోట, ఒక ఫలానా రోజున పుట్టాయి. ఆ మనిషినీ ఆ చోటునూ పక్కన పెట్టి పేరొక్కటే పట్టుకుంటే దేవుని స్వభావం మనకు సగమే కనిపిస్తుంది. ఆ ఉద్దేశంతోనే ఈ జవాబులు రాస్తున్నాను. వాక్యాలు మన సంఘాల్లో చదివే పాత తర్జుమాలోవి.

దేవునికి మొత్తం ఎన్ని పేర్లు?

కచ్చితంగా చెప్పాలంటే సొంత పేరు ఒక్కటే. యోద్, హే, వావ్, హే అనే నాలుగు హెబ్రీ అక్షరాల పేరు అది. మన బైబిల్లో "యెహోవా" అని ఉండేది అదే. హెబ్రీ పాత నిబంధనలో 6,800 సార్లకు పైగా వస్తుంది. ఎలోహీమ్ (దేవుడు), ఏల్ (దేవుడు), అదోనాయ్ (ప్రభువు) అనేవి బిరుదుల వంటివి. ఏల్ షద్దాయ్, ఏల్ ఎల్యోన్ (సర్వోన్నతుడైన దేవుడు) వంటివి ఆ బిరుదుకు విశేషణం చేరినవి. యెహోవా యీరే, యెహోవా నిస్సి, యెహోవా షాలోమ్ అనేవి నిజానికి ఒక కొండకూ రెండు బలిపీఠాలకూ పెట్టిన పేర్లు. "దేవుని నూరు పేర్లు" అని తిరిగే జాబితాల్లో ఇవన్నీ కలిసిపోతాయి. "యెహోవా నా కాపరి" కూడా వాటిలో ఒక పేరుగా కనిపిస్తుంది. అది దావీదు కీర్తన మొదటి మాట. పేరు కాకపోయినంత మాత్రాన దాని విలువ తగ్గదు, కానీ ఏది ఏమిటో తెలిసి చదవడం మంచిది.

"యెహోవా" అనాలా, "యాహ్వే" అనాలా?

పాత హెబ్రీలో హల్లులే రాసేవారు. అచ్చులు చదివేవాడి నోట్లో ఉండేవి. క్రీ.శ. 6 నుంచి 10వ శతాబ్దం వరకు పనిచేసిన మసోరెతీయులు అనే యూదు పండితులు ఆ హల్లులకు అచ్చు గుర్తులు చేర్చారు. ఈ నాలుగు అక్షరాల పేరు వచ్చిన చోట మాత్రం దాని సొంత అచ్చులు పెట్టలేదు. చదివేవాడు "అదోనాయ్" అని పలకాలని గుర్తుచేయడానికి ఆ మాట అచ్చుల్ని పెట్టారు. తర్వాతి కాలంలో ఐరోపా క్రైస్తవ పండితులు రెండింటినీ కలిపి చదవడంతో "యెహోవా" అనే రూపం స్థిరపడింది. 1530లో విలియం టిండేల్ ఇంగ్లీషు తర్జుమాలో అది అచ్చయింది.

"యాహ్వే" అనే రూపం వైపు పండితులు ఎక్కువమంది మొగ్గుతారు. 5వ శతాబ్దపు థియోడొరెట్ అనే క్రైస్తవ రచయిత, సమరయులు ఆ పేరును ఎలా పలికేవారో గ్రీకు అక్షరాల్లో రాసిపెట్టాడు. అది "యాబే"కి దగ్గరగా ఉంటుంది. "హల్లెలూయా"లో చివరి "యా" కూడా ఆ పేరుకు పొట్టి రూపమే. యెషయా, యిర్మీయా, జెకర్యా, ఓబద్యా అన్న పేర్ల చివర ఉన్నదీ అదే. ఓబద్యా అని పేరున్న మన పక్కింటి అబ్బాయి తెలియకుండానే రోజూ ఆ పేరు మోస్తున్నాడన్నమాట.

ఉచ్చారణ మీద తగువులాడి సంఘాలు చీలిపోవడం నాకు బాధ కలిగించే విషయం. మన తాతలు "యెహోవా" అని పిలిచి ప్రార్థించారు. ఆయన విన్నాడు.

యూదులు ఆ పేరు ఎందుకు పలకరు?

"నీ దేవుడైన యెహోవా నామమును వ్యర్థముగా నుచ్చరింపకూడదు" అన్న ఆజ్ఞ మీద ఉన్న భయభక్తుల వల్ల. యెరూషలేము దేవాలయం ఉన్న రోజుల్లో ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడు ఆ పేరు పలికేవాడని, అది విన్న జనం సాష్టాంగపడేవారని మిష్నా అనే యూదు గ్రంథం చెబుతుంది. క్రీ.శ. 70లో రోమీయులు దేవాలయాన్ని నాశనం చేశాక ఆ సందర్భమే లేకుండా పోయింది. ఇప్పటికీ వాళ్లు ప్రార్థనలో "అదోనాయ్" అంటారు, మామూలు మాటల్లో "హషేమ్" అంటారు. హషేమ్ అంటే "ఆ పేరు" అని. ఆ నాలుగు అక్షరాలున్న కాగితం చిరిగిపోయినా పారేయరు, సమాజమందిరంలో ఒక గదిలో దాచి తర్వాత పాతిపెడతారు. కైరోలోని బెన్ ఎజ్రా సమాజమందిరంలో అలా పోగుపడిన రాతప్రతుల్ని 19వ శతాబ్దం చివర వెలికితీస్తే లక్షల ముక్కలు బయటపడ్డాయి.

కతోలిక సంఘం కూడా 2008లో ఆరాధనలో, పాటల్లో "యాహ్వే" అని పలకవద్దని, "ప్రభువు" అనాలని బిషప్పులకు సూచించింది.

తవ్వకాల్లో ఆ పేరు దొరికిందా?

దొరికింది, అదీ పలుచోట్ల. 1868లో యోర్దానులోని ధిబాన్‌లో మోయాబు రాజు మేషా వేయించిన రాతి శాసనం బయటపడింది. క్రీ.పూ. 9వ శతాబ్దానిది. అందులో అతను ఇశ్రాయేలు మీద గెలిచి, యెహోవాకు చెందిన వస్తువుల్ని ఈడ్చుకొచ్చి తన దేవుడు కెమోషు ముందు పెట్టానని గొప్పలు చెప్పుకున్నాడు. ఆ పేరుకు ఇంత పాత సాక్ష్యం ఇచ్చినవాడు శత్రువే కావడం గమనించదగ్గ సంగతి.

నన్ను ఎక్కువగా కదిలించేది రెండోది. 1979లో యెరూషలేము పక్కన హిన్నోము లోయ అంచున, కెతెఫ్ హిన్నోమ్ అనే చోట గాబ్రియేల్ బర్కాయ్ అనే పురావస్తు శాస్త్రవేత్త బృందం ఒక సమాధి గుహ తవ్వింది. అందులో చుట్టచుట్టిన రెండు సన్నటి వెండి రేకులు దొరికాయి. మెడలో తాడుకు కట్టుకునే తాయెత్తుల్లాంటివి. వాటిని విరిగిపోకుండా విప్పడానికి ఏళ్లు పట్టింది. చిన్న రేకు విప్పితే పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, వెడల్పు ఒక సెంటీమీటరు. దాని మీద గీతల్లా చెక్కిన అక్షరాల్లో "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అనే సంఖ్యాకాండము 6వ అధ్యాయపు దీవెన ఉంది. క్రీ.పూ. 7వ శతాబ్దం చివరిదని, అంటే బబులోనువాళ్లు యెరూషలేమును కాల్చక ముందుదని పండితుల అంచనా. ఎవరో ఒక మనిషి ఆ దీవెనను ఒంటి మీద పెట్టుకుని బతికి, దానితోనే సమాధికి వెళ్లాడు. ఇప్పుడవి యెరూషలేములోని ఇశ్రాయేలు మ్యూజియంలో ఉన్నాయి.

"నేను ఉన్నవాడను" అంటే ఏమిటి? అది జవాబా, జవాబు దాటవేయడమా?

నిర్గమకాండము 3వ అధ్యాయంలో మోషే గొర్రెలు కాచుకుంటున్నాడు. ఐగుప్తుకు వెళ్లమంటే భయపడి సాకులు చెబుతున్నాడు. మొదటి సాకు "నేనెంతటివాడను?". దానికి దేవుడిచ్చిన జవాబు 12వ వచనంలో ఉంది: "నిశ్చయముగా నేను నీకు తోడైయుందును". ఇక్కడ "ఉందును" అనే మాట హెబ్రీలో "ఎహ్యె". రెండు వచనాలు దాటాక పేరు అడిగితే వచ్చిన జవాబు "ఎహ్యె అషేర్ ఎహ్యె", మన బైబిల్లో "నేను ఉన్నవాడను అను వాడనై యున్నాను". అదే క్రియ. ఈ రెండింటినీ విడదీసి చదివినప్పుడే అదేదో తత్వశాస్త్రపు మాటలా అనిపిస్తుంది. కలిపి చదివితే "నీకు తోడుంటానని చెప్పాను చూడు, ఆ ఉండేవాణ్ణే నేను" అని వినిపిస్తుంది.

ఆ మాట ఆయన ఏ సందర్భంలో చెప్పాడో కూడా చూడాలి. పైన 7వ వచనంలో తన ప్రజల బాధ చూశానన్నాడు, పని చేయించేవాళ్ల వల్ల వాళ్లు పెట్టిన మొర విన్నానన్నాడు, వాళ్ల దుఃఖం తనకు తెలుసన్నాడు. ఇటుకలు చేసే బానిసల ఏడుపు విని దిగొచ్చినవాడు చెప్పుకున్న పేరు ఇది. దేవుడు "స్వయంభువు", "మార్పులేనివాడు" అని ఈ వాక్యం నుంచి చెప్పే బోధ తప్పని అనను. కానీ మోషేకు ఆ రోజు కావలసింది తోడు. అది దొరికింది.

ఆ పేరుకు అర్థం దేవుడే స్వయంగా ఎక్కడైనా చెప్పాడా?

చెప్పాడు. దేవుని స్వభావం గురించి బైబిల్లో ఒక్క చోటే చదవగలిగితే ఏది చదవాలని ఎవరైనా అడిగితే నేను నిర్గమకాండము 34:6-7 చూపిస్తాను.

సందర్భం సిగ్గుచేటైనది. సీనాయి కొండ కింద జనం బంగారు దూడను పోసుకుని పండగ చేసుకున్నారు. మోషే పలకల్ని పగలగొట్టాడు. నిబంధన అక్షరాలా ముక్కలైంది. ఆ తర్వాత మోషే "నీ మహిమ చూపించు" అని అడుగుతాడు. దేవుడు మెరుపో, ఉరుమో చూపిస్తాననలేదు. తన మంచితనమంతా అతని ముందు కనపరుస్తానని, తన పేరు ప్రకటిస్తానని అన్నాడు. అప్పుడు వినిపించిన మాటలు: "యెహోవా కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములుగల దేవుడైన యెహోవా." వెంటనే వేయి వేలమందికి కృప చూపడం గురించి, దోషాన్నీ అపరాధాన్నీ పాపాన్నీ క్షమించడం గురించి చెబుతాడు. దోషిని నిర్దోషిగా ఎంచనని, మూడు నాలుగు తరాల దాకా దోషం వెంటాడుతుందని కూడా చెబుతాడు.

ఒకే ఊపిరిలో రెండూ ఉన్నాయి, కానీ తూకం సమానంగా లేదు. ఒక పక్క వేలు, ఇంకో పక్క మూడో నాలుగో. కోపం ఆయనకు ఉంది, అది నెమ్మదిగా వస్తుంది. కృప ముందే పొంగి ఉంది. కనికరం అని తర్జుమా చేసిన మాట తల్లి గర్భాన్ని సూచించే హెబ్రీ మాటకు చుట్టం.

పాత నిబంధన ఈ వాక్యాన్ని మళ్లీ మళ్లీ నెమరువేస్తుంది. సంఖ్యాకాండము 14, నెహెమ్యా 9, కీర్తన 86, కీర్తన 103, యోవేలు 2, నహూము 1 చూడండి. అన్నిటిలోకీ నన్ను ఆపేసేది యోనా 4:2. అష్షూరువాళ్ల నగరం నీనెవె మారుమనస్సు పొందింది, దేవుడు ఊరిని నాశనం చేయకుండా విడిచిపెట్టాడు, యోనాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు కటాక్షం, జాలి, దీర్ఘశాంతం గలవాడివని నాకు ముందే తెలుసు, అందుకే తర్షీషుకు పారిపోయాను" అని ఇవే మాటల్ని ఫిర్యాదుగా అప్పజెప్పాడు. అష్షూరువాళ్లు ఇశ్రాయేలుకు చేసిన క్రూరత్వం తెలిస్తే యోనా కోపం అర్థమవుతుంది. ఆ పేరు శత్రువుకూ వర్తిస్తుందని ఒప్పుకోవడం ఎంత కష్టమో ఆ పుస్తకం దాచకుండా చెబుతుంది.

యూదులు ఈ రెండు వచనాల్ని కనికరపు పదమూడు గుణాలుగా లెక్కపెట్టి ప్రాయశ్చిత్త దినాన పదే పదే పలుకుతారు.

మరి "రోషముగల దేవుడు" మాటేమిటి?

అదే అధ్యాయం 14వ వచనంలో ఆయన పేరు "రోషముగల యెహోవా" అని ఉంది. హెబ్రీలో "ఏల్ కన్నా". మనుషుల్లో ఉండే ఓర్వలేనితనం అనుకుని చాలామంది ఇబ్బంది పడతారు. ఈ మాట ఎక్కువగా నిబంధన తెగినప్పుడు, జనం విగ్రహాల వెనక వెళ్లినప్పుడు వస్తుంది. ప్రవక్తలు దాన్ని భార్యాభర్తల భాషలో చెప్పారు, హోషేయ అయితే తన సొంత కాపురంలోనే అనుభవించాడు. ప్రేమించినవాడు పట్టించుకోకుండా ఎలా ఉంటాడు?

ఎలోహీమ్ బహువచనం కదా, అది త్రిత్వానికి రుజువా?

రూపం బహువచనమే. కానీ ఇశ్రాయేలు దేవుని గురించి చెప్పేటప్పుడు క్రియ దాదాపు ఎప్పుడూ ఏకవచనంలోనే ఉంటుంది. ఆదికాండము 1:1లో "సృజించెను" అన్న "బారా" ఏకవచనం. హెబ్రీలో ఇలా గొప్పతనాన్ని చూపడానికి బహువచనం వాడటం ఉంది. మనం పెద్దవాళ్లని "మీరు" అన్నట్టే. పైగా అదే ఎలోహీమ్‌ను 1 రాజులు 11:33లో సీదోనీయుల దేవత అష్తారోతుకు, మోయాబీయుల కెమోషుకు కూడా వాడారు. వాళ్లలో త్రిత్వం లేదు కదా. త్రిత్వాన్ని నేను నమ్ముతాను, కానీ దానికి ఆధారాలు కొత్త నిబంధనలో గట్టిగా ఉన్నాయి. ఈ వ్యాకరణం మీద అంత బరువు పెట్టనవసరం లేదు.

ఒకచోట ఎలోహీమ్, ఒకచోట యెహోవా ఎందుకు?

ఆదికాండము 1లో సృష్టికర్త ఎలోహీమ్. 2:4 నుంచి "దేవుడైన యెహోవా", మట్టితో మనిషిని చేసి, ముక్కులో ఊపిరి ఊది, తోట నాటేవాడు. యూదు బోధకులు ఎలోహీమ్‌లో న్యాయాన్ని, యెహోవాలో కనికరాన్ని చూశారు. బెరేషిత్ రబ్బా అనే పాత వ్యాఖ్యానంలో ఒక ఉపమానం ఉంది. ఒక రాజు దగ్గర పల్చటి గాజు గిన్నెలున్నాయట. వేడినీళ్లు పోస్తే పగులుతాయి, చన్నీళ్లు పోస్తే బిగుసుకుని విరుగుతాయి. అందుకని రెండూ కలిపి పోశాడట. లోకాన్ని కనికరంతోనే చేస్తే పాపం పెచ్చుమీరుతుంది, న్యాయంతోనే చేస్తే నిలవలేదు, రెండూ కలిపాడు, అందుకే రెండు పేర్లూ పక్కపక్కన ఉన్నాయని వాళ్ల వివరణ. ప్రతి వచనానికీ ఈ సూత్రం అతకదు. అయినా పేర్లను ఎంత శ్రద్ధగా చదివారో చూడండి.

ఇదే తేడాను పట్టుకుని 1753లో జాఁ ఆస్ట్రూక్ అనే ఫ్రెంచి వైద్యుడు, మోషే వేర్వేరు పాత రాతల్ని కలిపి ఆదికాండము కూర్చాడని పుస్తకం రాశాడు. తర్వాతి పండితులు దాన్ని చాలా దూరం తీసుకెళ్లారు. ఆ చర్చ ఇంకా నడుస్తోంది. దానికి భయపడి ఈ పేర్లను శ్రద్ధగా చదవడం మానేయక్కర్లేదు.

ఏల్ షద్దాయ్ అంటే "సర్వశక్తిగల దేవుడు" అనేనా?

మన తర్జుమా గ్రీకు, లాటిన్ బైబిళ్ల దారిలో అలా వచ్చింది. మూలం మీద పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. కొందరు అక్కదు భాషలో కొండ అనే మాటతో కలుపుతారు, కొందరు తల్లి రొమ్ముతో. ఆదికాండము 49:25లో షద్దాయ్ ఇచ్చే దీవెనల్లో "స్తనముల దీవెనలు, గర్భము దీవెనలు" ఉన్నమాట నిజం. ఆదికాండములో ఈ పేరు ఎక్కువగా పిల్లలు పుడతారనే వాగ్దానం పక్కనే వస్తుంది. అబ్రాముకు 99 ఏళ్లప్పుడు, ఆశ ఉడిగిపోయిన ఇంటికి, ఆయన ఈ పేరుతో వచ్చాడు.

ఈ పేరు ఎక్కువగా కనిపించే పుస్తకం యోబు. మొత్తం 48 సార్లలో 31 అక్కడే. అన్నీ పోగొట్టుకుని బూడిదలో కూర్చున్నవాడి నోట, అతన్ని ఓదార్చబోయి గాయపరిచిన స్నేహితుల నోట. రూతు 1వ అధ్యాయంలో భర్తనూ ఇద్దరు కొడుకుల్నీ పాతిపెట్టి బేత్లెహేముకు తిరిగొచ్చిన నయోమి కూడా ఈ పేరే ఎత్తి, సర్వశక్తుడు తనకు చాలా దుఃఖం కలగజేశాడని, ఇకమీదట తనను మారా అని పిలవమని ఊరి ఆడవాళ్లతో అంది. ఎవరూ ఆమె నోరు మూయించలేదు. దేవుడు కూడా మూయించలేదు. "సర్వశక్తిగల దేవుడు" అని పాడే మనం, అదే పేరు పట్టుకుని ఏడ్చినవాళ్లకూ మన సంఘాల్లో చోటివ్వాలి.

ఏల్ రోయీ ఎవరు పెట్టిన పేరు?

హాగరు. ఐగుప్తుకు చెందిన దాసి. ఆదికాండము 16లో అబ్రాము, శారయి ఆమె గురించి మాట్లాడుకున్నప్పుడల్లా "నా దాసి", "నీ దాసి" అంటారు. ఆమె పేరు ఒక్కసారీ వాళ్ల నోట రాదు. గర్భవతిగా ఉండి, శారయి పెట్టిన శ్రమకు తాళలేక ఎడారిలోకి పారిపోయి, షూరు దారిలో నీటి బుగ్గ దగ్గర కూలబడితే, యెహోవా దూత "శారయి దాసివైన హాగరూ" అని పిలిచాడు. ఆ కథలో ఆమెను పేరు పెట్టి పిలిచిన మొదటి గొంతు అదే. ఎక్కడినుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు.

ఆమె ఆయనకు "చూచుచున్న దేవుడవు నీవే" అని పేరు పెట్టింది. మిగతావాళ్లు బలిపీఠాలకూ చోట్లకూ పేర్లు పెట్టారు, ఈమె నేరుగా ఆయనకే పెట్టింది. మూలపితరుడు కాదు, ప్రవక్త కాదు, పరాయి దేశపు పనిమనిషి. పుట్టిన బిడ్డ పేరు ఇష్మాయేలు, దేవుడు విన్నాడని అర్థం.

"యెహోవా యీరే" అంటే డబ్బు సమకూర్చేవాడా?

డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డు మీద ఈ మాట వస్తే చాలామంది ఉద్యోగం, ఇల్లు, పిల్ల పెళ్లి అనుకుంటారు. అవసరాలు ఆయనకు చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆదికాండము 22 చదవండి. మోరీయా దేశానికి మూడు రోజుల నడక. తండ్రి చేతిలో నిప్పు, కత్తి. కొడుకు భుజాన కట్టెలు. "నిప్పును కట్టెలును ఉన్నవి గాని దహనబలికి గొఱ్ఱెపిల్ల ఏది?" అని కొడుకు అడిగితే "దేవుడే చూచుకొనును" అని జవాబు. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనబడ్డాక అబ్రాహాము ఆ చోటికి యెహోవా యీరే అని పేరు పెట్టాడు. అక్కడ సమకూడింది ఒక ప్రాణానికి బదులు ఇంకో ప్రాణం. 2 దినవృత్తాంతములు 3:1 ప్రకారం సొలొమోను దేవాలయం కట్టింది మోరీయా కొండ మీదే.

"యీరే", హాగరు పెట్టిన పేరులోని "రోయీ", రెండూ చూడటం అనే ఒకే హెబ్రీ క్రియవి. చూసేవాడే చూసుకుంటాడు. తెలుగువాళ్లకు ఇది వేరే వివరించక్కర్లేదు.

యెహోవా రాఫా అని నమ్మితే మందులు మానేయాలా?

మానకండి. నిర్గమకాండము 15లో ఎర్రసముద్రం దాటి మూడు రోజులు నీళ్లు లేక, మారాలో దొరికిన నీళ్లు చేదై జనం సణిగితే, దేవుడు చూపిన చెట్టును మోషే అందులో వేశాడు. నీళ్లు బాగయ్యాయి. ఆ తర్వాత వచ్చిన మాట "నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే". హిజ్కియా రాజుకు పుండు వచ్చినప్పుడు దేవుడు బతికిస్తానన్నాడు, యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టించాడు. వాగ్దానం, వైద్యం రెండూ ఒకే మంచం దగ్గర ఉన్నాయి. పౌలు త్రోఫిమును మిలేతులో రోగంతోనే విడిచి వచ్చానని రాశాడు. విశ్వాసం ఉంటే షుగరు మాత్రలు, బీపీ మాత్రలు ఎందుకని ఎవరైనా అంటే వాళ్ల మాట వినవద్దు.

నిస్సి, షాలోమ్ ఎక్కడివి?

నిస్సి రెఫీదీములో అమాలేకీయులతో జరిగిన యుద్ధం నాటిది. మోషే చేతులు పైకెత్తి ఉంటే ఇశ్రాయేలు గెలిచేది, దించితే ఓడేది. చేతులు బరువెక్కితే ఒక రాయి వేసి కూర్చోబెట్టి, అహరోను ఒక పక్క, హూరు ఒక పక్క పొద్దుగుంకే దాకా పట్టుకున్నారు. "యెహోవా నా ధ్వజం" అని అర్థమిచ్చే ఈ పేరు, చేతులు వాలిపోయిన నాయకుడు పెట్టింది.

షాలోము గిద్యోనుది, న్యాయాధిపతులు 6. అతను గోధుమలు ద్రాక్ష గానుగ చాటున దుళ్లగొడుతున్నాడు. పొలం పని తెలిసినవాళ్లకు ఇందులో భయం ఎంత ఉందో తెలుస్తుంది. కళ్లం గాలి తగిలే చోట ఉండాలి, లేకపోతే తూర్పారబట్టడం కుదరదు. ద్రాక్ష తొక్కే తొట్టి పల్లంలో ఉంటుంది. మిద్యానీయులు పంట దోచుకుపోతారని గాలి లేని గోతిలో దాక్కుని పని చేస్తున్నాడు. దూతను చూశాక చచ్చిపోతానని ఇంకా భయపడ్డాడు. "భయపడకుము, నీవు చావవు" అన్న మాట విని బలిపీఠం కట్టి "యెహోవా సమాధానకర్త" అని పేరు పెట్టాడు. అప్పటికి యుద్ధం మొదలే కాలేదు.

సైన్యములకధిపతియగు యెహోవా అంటే యుద్ధ దేవుడా?

"యెహోవా సెబాయోత్" అనే ఈ పేరు ధర్మశాస్త్రపు ఐదు పుస్తకాల్లో లేదు. మొదట కనిపించేది 1 సమూయేలు 1లో. ఈ పేరుతో దేవుణ్ణి పిలిచి ప్రార్థించిన మొదటి మనిషి సేనాధిపతి కాదు, పిల్లలు లేక సవతి మాటలు పడుతున్న హన్నా. షిలోహు మందిరంలో పెదవులు మాత్రం కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడు ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. ఆకాశ సైన్యాలన్నీ చేతిలో ఉన్నవాణ్ణి ఆమె ఒక్క బిడ్డను అడిగింది.

కొత్త నిబంధనలో ఈ పేరు యాకోబు పత్రిక 5:4లో వస్తుంది. చేలు కోసిన కూలీలకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడుతోందని, కోతవాళ్ల కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడ్డాయని. కూలి ఎగ్గొట్టిన ఆసామికి ఎదురుగా నిలబడేది ఆ సైన్యాల అధిపతి. ఈ వాక్యం మన ప్రసంగాల్లో ఇంకా ఎక్కువగా వినిపించాలని నా కోరిక.

సిద్కేను, షమ్మా గురించి చెప్పండి.

రెండూ యూదా రాజ్యం కూలిపోయే రోజులవి. చివరి రాజు సిద్కియా. ఆ పేరుకు "యెహోవా నా నీతి" అని అర్థం. మాట తప్పాడు, ప్రవక్త మాట వినలేదు, క్రీ.పూ. 586 ప్రాంతంలో నగరం బబులోను చేతిలో పడింది. యిర్మీయా 23లో దావీదుకు పుట్టబోయే నీతి చిగురు పేరు "యెహోవా మనకు నీతి", హెబ్రీలో యెహోవా సిద్కేను. సింహాసనం మీద ఉన్నవాడి పేరునే తిప్పి, ఆ పేరుకు తగిన రాజు వస్తాడని చెప్పడం అది.

యెహెజ్కేలు బబులోనులో చెరలో ఉన్నాడు. 10, 11 అధ్యాయాల్లో దేవుని మహిమ మందిరం నుంచి మెల్లగా గడప దాకా, తూర్పు గుమ్మం దాకా, ఊరి బయటి కొండ దాకా వెళ్లిపోవడం చూశాడు. చెరలో 25వ ఏట కొత్త మందిరపు దర్శనం వచ్చింది, 43లో మహిమ తూర్పు నుంచే తిరిగొచ్చింది. ఆ పుస్తకం చివరి మాట ఆ నగరం పేరు, యెహోవా షమ్మా: యెహోవా అక్కడ ఉన్నాడు. ఆ మాట విన్నవాళ్లకు అప్పటికి నగరమూ లేదు, గుడీ లేదు.

ఈ పేర్లు పదే పదే పలికితే పని జరుగుతుందా?

పేరును మంత్రంలా వాడటాన్ని బైబిలు ఎక్కడా ప్రోత్సహించదు. యిర్మీయా 7లో జనం "ఈ స్థలము యెహోవా ఆలయము" అని మూడుసార్లు వల్లిస్తున్నారు, ఆ మాటే తమను కాపాడుతుందని. పరదేశినీ తండ్రిలేనివాణ్ణీ విధవరాలినీ బాధపెట్టడం మానకుండా అది పలికితే మోసమేనన్నాడు దేవుడు. ఆయన పేరు ఎత్తి ప్రార్థించడం వేరు. కష్టంలో హాగరును గుర్తుచేసుకుని "చూస్తున్న దేవా" అని పిలవండి, ఎన్నిసార్లైనా పిలవండి.

"అల్లా"కు, ఎలోహీమ్‌కు సంబంధం ఉందా?

భాషాపరంగా ఉంది. హెబ్రీ "ఎలోవా", అరామిక్ "ఎలాహ్", అరబ్బీ "అల్లా" ఒకే కుటుంబపు మాటలు. దానియేలు, ఎజ్రా పుస్తకాల అరామిక్ భాగాల్లో "ఎలాహ్" ఉంది. అరబ్ క్రైస్తవుల బైబిల్లో దేవుణ్ణి "అల్లా" అనే అంటారు.

యేసు పేరుకు, ఈ పేర్లకు సంబంధం ఏమిటి?

యేసు అసలు హెబ్రీ పేరు యేషూవ, "యెహోషువ"కు పొట్టి రూపం. యెహోవా రక్షణ అని అర్థం. సంఖ్యాకాండము 13:16లో మోషే నూను కుమారుడైన హోషేయకు పెట్టిన పేరే ఇది. మత్తయి 1:21లో దూత దాని అర్థాన్నే విప్పి చెప్పాడు. ఫిలిప్పీయులకు 2లో పౌలు, ప్రతి మోకాలూ వంగుతుందని యెహోవా తన గురించి చెప్పుకున్న యెషయా 45:23ను తీసి యేసుకు అన్వయించాడు. యూదులు దీన్ని ఒప్పుకోరు. క్రైస్తవులకు మాత్రం ఇక్కడే పాత నిబంధన పేర్లన్నీ ఒక ముఖంలో కలుస్తాయి. "అబ్బా" అన్నది యేసు మాట్లాడిన అరామిక్ మాట, కానీ దేవుణ్ణి తండ్రి అనడం కొత్త కాదు, యెషయా 63:16లోనే "మా తండ్రివి నీవే" అని ఉంది.

ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరే లేదంటారు, నిజమా?

నిజమే. హెబ్రీ ఎస్తేరులో యెహోవా అని గాని, ఎలోహీమ్ అని గాని ఒక్కసారీ రాదు. కానీ రాజుకు నిద్రపట్టని ఒక్క రాత్రి కథంతా తిరిగిపోతుంది. పేరు కనబడనంత మాత్రాన ఆయన లేడనుకోలేదు ఆ పుస్తకాన్ని లేఖనాల్లో చేర్చుకున్నవాళ్లు.

ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి?

ఆదికాండము 16తో మొదలుపెట్టండి. తర్వాత 22. అక్కడినుంచి నిర్గమకాండము 3, ఆ పైన 32 నుంచి 34 దాకా ఒకేసారి కూర్చుని. వీలైతే ఇంట్లో అందరూ వినేలా గట్టిగా చదవండి. ఆ తర్వాత యోనా, నాలుగు చిన్న అధ్యాయాలే. జాబితాలు, క్యాలెండర్లు ఇవి పూర్తయ్యాక చూడవచ్చు.